నెకర్ గండి నుంచి నాన్నకు

హైడెల్‌బర్గ్, జర్మనీ,
ఆదివారం సాయంత్రం

నాన్నా,

నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, తమ్ముడు అక్కడ బాగున్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నా ఈ విషయం మాత్రం ఉత్తరంలోనే రాయాలనిపించింది. ఫోన్లో అయితే నువ్వు "సరేలేమ్మా, ఒళ్లు జాగ్రత్త" అని అమ్మ చేతికిచ్చేస్తావు. కాగితమైతే కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువుతావు.

నువ్వు మన బెంగళూరు లాల్‌బాగ్ తోటకు నడకకు వెళ్లడం మానేసి ఐదు నెలలైందని నిన్న అమ్మ చెప్పింది. మోకాలి వాపు పూర్తిగా తగ్గిందట. చదునైన దారిలో నడవమని డాక్టరే చెప్పారట. అయినా నువ్వు గేటు దాకా కూడా పోవడం లేదట. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నాకు పరుగు అలవాటు చేసింది నువ్వే కదా నాన్నా. సిద్ధాపుర గేటులోంచి లోపలికి పోయి నువ్వు చెరువు గట్టున నడుస్తుంటే, నేను ముందుకు పరుగెత్తి, తిరిగి వెనక్కి వచ్చి నిన్ను కలుసుకునేదాన్ని. ఆఖరున కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కించి, ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలని, హిమాలయాలు దీని ముందు చంటిపిల్లలని చెప్పేవాడివి.

పోయిన ఏడాది నువ్వు నన్నొక ప్రశ్న అడిగావు. "ఆ అడవిలో ఒక్కదానివే ఏం పరుగులమ్మా?" అని. అప్పుడు ఏదో చెప్పి దాటేశాను. ఇప్పుడు సరిగ్గా చెబుతాను.

ముందు ఈ ఊరు ఎలా ఉంటుందో విను. నువ్వు జమ్మలమడుగు వైపు మనిషివి కాబట్టి నీకు ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇది గండి. గండికోట దగ్గర పెన్న కొండను కోసుకుని వచ్చినట్టు, ఇక్కడ నెకర్ అనే నది ఓడెన్‌వాల్డ్ కొండలను కోసుకుని వచ్చి, ఈ ఊరి దగ్గరే మైదానంలోకి దిగుతుంది. ఇంకొంచెం ముందుకు పోయి మాన్‌హైమ్‌లో రైన్ నదిలో కలుస్తుంది. లోయ గండికోటంత నిలువుగా ఉండదు. రెండు వైపులా కొండలు ఏటవాలుగా, నిండా చెట్లతో ఉంటాయి. రాయి మాత్రం ఎర్రది. కోట, వంతెన, పాత ఇళ్ల గడపలు అన్నీ ఆ ఎర్ర ఇసుకరాయితో కట్టినవే. వచ్చిన మొదటి వారం వంతెన మీద నిలబడి పైకి చూసినప్పుడు ఇదంతా ఎక్కడో చూశానే అనిపించింది. జేజి ఊరికి పోయినప్పుడల్లా నువ్వు తీసుకెళ్లి చూపించిన చోటే గుర్తొచ్చింది.

తేడా ఒక్కటే, నీళ్లు. మన పెన్నలో చెలమలు తవ్వుకున్న రోజులే నాకు ఎక్కువ గుర్తు. బెంగళూరులో అయితే చెప్పుకోవడానికి నదే లేదు. కావేరి వంద కిలోమీటర్ల అవతల నుంచి పైపుల్లో ఎక్కి వస్తుంది, ఉన్న వృషభావతినేమో మురుగుకాలువ చేసుకున్నాం. అలాంటి చోట పెరిగినదాన్ని కాబట్టి, ఏడాది పొడవునా నిండుగా పారే నది పక్కన పరుగెత్తడం నాకు ఇప్పటికీ పండగలాగే ఉంటుంది.

నేను వారానికి మూడు రోజులు పరుగెత్తే దారి నది ఒడ్డుదే. 1788లో కట్టిన పాత వంతెన దగ్గర మొదలుపెడతాను. అంతకు ముందున్న వంతెన 1784లో మంచు గడ్డలతో వచ్చిన వరదకు కొట్టుకుపోయిందట. ఇప్పటి వంతెనను కూడా 1945లో యుద్ధం చివర సైన్యం పేల్చేస్తే, ఊరివాళ్లు చందాలు వేసుకుని 1947 కల్లా తిరిగి నిలబెట్టారు. వంతెన దాటి ఉత్తరపు ఒడ్డున తూర్పుకు తిరిగితే, ఎడమవైపు కొండ, కుడివైపు నది. కొంత దూరం పోయాక గట్టు మీద ఒక పాత మఠం కనిపిస్తుంది. ఆ తర్వాత త్సీగెల్‌హౌజెన్ అనే పేట. ఓపిక ఉంటే ఇంకా ముందుకు, నెకర్‌గెమ్యుండ్ అనే చిన్న ఊరి దాకా పోతాను. మొత్తం సుమారు పది కిలోమీటర్లు. అక్కడ రైలెక్కితే కాసేపట్లో వెనక్కి వచ్చేయవచ్చు. తిరుగు పరుగు బెంగ లేకపోవడం వల్ల కొత్తవాళ్లకు కూడా ఈ దారి ధైర్యంగా ఉంటుంది.

ఈ ఒడ్డున నీకు బాగా నచ్చేది వేరే ఉంది. ఈ నది మీద మాన్‌హైమ్ నుంచి ప్లోహింగెన్ దాకా 27 లాకులు ఉన్నాయి. సరుకు పడవ లోపలికి రాగానే తలుపులు మూసేసి నీళ్లు నింపుతారు. ఊరి బస్సుకు ఎన్నో రెట్లు పొడవున్న పడవ, చప్పుడు లేకుండా, కళ్ల ముందే పైకి లేస్తుంది. మన కె.సి. (కర్నూలు-కడప) కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవని తాత చెబుతుంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇక్కడ చూశాక నమ్మాను. లాకులు కట్టకముందు ఇంకో పద్ధతి ఉండేదట. నది అడుగున మాన్‌హైమ్ నుంచి హైల్‌బ్రాన్ దాకా, వంద కిలోమీటర్లు దాటి, ఇనుప గొలుసు పరిచారు. ఆవిరి పడవ ఆ గొలుసును ముందు నుంచి పైకి లాక్కుని, డ్రమ్ముల మీదుగా తిప్పి, వెనక నీళ్లలోకి వదులుతూ, ప్రవాహానికి ఎదురుగా మిగతా పడవలను ఈడ్చుకుపోయేది. 1878 నుంచి 1935 దాకా అలాగే నడిచింది. అంతకు ముందు ఒడ్డున గుర్రాలు తాళ్లతో లాగేవి. ముప్పై ఏళ్లు మెషీన్ల మధ్య పనిచేసినవాడివి, నువ్వు పక్కన ఉంటే ఆ డ్రమ్ము ఎలా తిరిగేదో కాగితం మీద గీసి చూపించేవాడివి.

ఒడ్డున ఇక్బాల్ పేరు పెట్టిన రోడ్డు కూడా ఒకటి ఉంది. ఆ ఉర్దూ మహాకవి 1907లో ఈ ఊళ్లో ఉండి జర్మన్ నేర్చుకున్నారు. మన దేశం నుంచి ఇంత దూరం వచ్చి, ఇదే నీళ్లను చూస్తూ ఇంటిని తలుచుకున్న మనిషి ఒకరున్నారని తెలిస్తే ఏదో తోడు దొరికినట్టుంటుంది.

ఆదివారాలు కొండలెక్కుతాను. వంతెన అవతలే పాముదారి అని ఒకటుంది. రెండు గోడల మధ్య మెలికలు తిరుగుతూ నిటారుగా ఎక్కుతుంది. అక్కడ ఎవ్వరూ పరుగెత్తలేరు, నేనూ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నడుస్తాను. పైన ఫిలాసఫర్ల బాట అనే చదునైన దారి వస్తుంది. కొండకు దక్షిణం ఎండ బాగా తగలడం వల్ల ఊరంతా చలికి వణుకుతున్నప్పుడే అక్కడ బాదం చెట్లు పూస్తాయి. అంజూరపు చెట్లు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి అడవిలోకి మళ్లితే హైలిగెన్‌బర్గ్ శిఖరం, సుమారు 440 మీటర్లు. రెండు వేల ఏళ్లకు ముందే జనం దాని చుట్టూ రెండు వరసల కోటగోడ కట్టుకుని బతికారు. ఇప్పుడు పడిపోయిన రాళ్ల కట్టలాగా కనిపిస్తుంది, దాని మీదుగానే దారి.

నదికి ఇవతలి కొండ కోనిగ్‌ష్టూల్, 568 మీటర్లు. కోట పక్క నుంచి పైకి 1200కు పైగా రాతి మెట్లు ఉన్నాయి. ఏ మెట్టూ ఇంకో మెట్టు ఎత్తులో ఉండదు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినదాన్ని, ఇది ఎంతలే అనుకుని మొదటిసారి పరుగుతో మొదలుపెట్టి సగంలోనే కూర్చుండిపోయాను. తిరుమలలో పక్కన గోవింద నామాలు వినిపిస్తాయి, ముందు మనిషి మడమలు చూస్తూ ఎక్కేస్తాం. ఇక్కడ మన ఊపిరి మనకే వినిపిస్తుంది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది, కోప్పడకు.

రెండేళ్ల కిందట డిసెంబర్లో హైలిగెన్‌బర్గ్ దాటి వైసర్ ష్టైన్ అనే ఇంకో శిఖరం దాకా పోయాను. ఆ నెలలో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. లెక్క తప్పాను. తిరిగి వచ్చేటప్పుడు చెట్ల మీది గుర్తులు కనిపించలేదు. చలికి ఫోన్ ఆగిపోయింది. చుట్టూ బీచ్ అనే జాతి అడవి చెట్లు, ఆకులన్నీ రాలి కిందపడి దారిని కప్పేశాయి, ఏది దారో ఏది కాదో తెలియడం లేదు. భయమేసింది నాన్నా, అబద్ధం చెప్పను. కాసేపు కదలకుండా నిలబడ్డాను.

అప్పుడు నీళ్ల చప్పుడు వినిపించింది. చిన్న ఊట, వాగు కూడా కాదు. నాకు నీ మాట గుర్తొచ్చింది. ఎర్రమలల్లో గొర్రెల వెనకపోయి దారి తప్పితే, తాత మీకు చెప్పిన మాట: "నీళ్లు ఎటు పోతే అటు దిగండి, ఏ వంకైనా పెన్నలోనే కలుస్తుంది." అలాగే దిగాను. ఊట వాగైంది, వాగు పక్కన బండి దారి వచ్చింది, తర్వాత ఒక ఇంటి దీపం కనిపించింది. ఆ వాగు పేరు ష్టైన్‌బాఖ్. అంటే రాళ్లవాగు. అది త్సీగెల్‌హౌజెన్ దగ్గర నెకర్‌లో కలుస్తుంది. నేను ఎప్పుడూ పరుగెత్తే ఒడ్డుకే తీసుకొచ్చి వదిలింది. బస్సెక్కి ఇంటికి వచ్చి, వేడినీళ్లు పోసుకుని, పప్పన్నం తిని పడుకున్నాను.

ఆ తర్వాత జాగ్రత్తలు నేర్చుకున్నాను. నుదుటికి లైటు లేకుండా శీతాకాలంలో అడవిలోకి పోను. ఎటు పోతున్నానో ల్యాబ్‌లో ఒకావిడకు మెసేజ్ పెట్టిగానీ బయల్దేరను. అడవిలో అక్కడక్కడా నంబరు వేసిన బోర్డులుంటాయి. 112కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే మనమెక్కడున్నామో వాళ్లకు తెలుస్తుంది. గడ్డిలో పిడుదులు ఉంటాయి, వాటి వల్ల వచ్చే మెదడువాపుకు మూడు డోసుల టీకా వేయించుకున్నాను. ఇంటికి రాగానే కాళ్లు తడిమి చూసుకుంటాను. అడవిపందులు ఉన్నాయి కానీ మనిషి అలికిడికే తప్పుకుంటాయి. ఇక్కడి చట్టం ప్రకారం విహారానికి ఎవరైనా అడవిలోకి పోవచ్చు, అందుకే ఆదివారం పొద్దున ఎనభై ఏళ్ల ముసలివాళ్లు కూడా చేతికర్రలతో ఎదురొస్తారు. ప్రతి ఒక్కరూ పలకరిస్తారు. నేను ఒక్కదాన్నే వెళ్తాను, కానీ ఒంటరిగా ఉండను.

ఆ ముసలివాళ్లను చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. నీకు అరవై ఆరేళ్లే. వానాకాలంలో ఒకసారి గేటు దగ్గర కాలు జారిందని భయం పట్టుకుంది నీకు, నాకు తెలుసు. నొప్పి పోయింది, భయం పోలేదు. నేనూ ఆ డిసెంబర్ తర్వాత మూడు వారాలు అడవి వైపు పోలేదు. నాలుగో వారం నది ఒడ్డున వంతెన నుంచి మఠం దాకా, అదీ నడిచి, వెనక్కి వచ్చాను. అంతే. ఆ పై వారం ఇంకొంచెం. నువ్వూ ముందు గేటు నుంచి చెరువు దాకా వెళ్లు. తమ్ముణ్ణి తోడు తీసుకో. వాడికీ పొద్దున్నే లేవడం అలవాటవుతుంది.

మే నెలలో నువ్వూ అమ్మా రావాలి. అప్పటికి బీచ్ చెట్లకు లేతాకులు వచ్చి అడవంతా వెలుగుగా ఉంటుంది. ఏప్రిల్‌లో వస్తే అడవి నేలంతా వెల్లుల్లి వాసన వేసే ఆకులు పరుచుకుని ఉంటాయి, అమ్మ పప్పులో వేసేది, కానీ అప్పుడు నాకు సెలవు దొరకదు. కొండ నువ్వు ఎక్కక్కర్లేదు. కోనిగ్‌ష్టూల్ పైకి తాడు రైలు ఉంది. బావి గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టు, ఒకే తాడుకు రెండు పెట్టెలు, ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది. పైభాగంలో 1907 నాటి చెక్క పెట్టెలే ఇప్పటికీ నడుస్తున్నాయి. పైన దిగి గండిని, అవతల మైదానాన్ని చూద్దాం. తర్వాత నది ఒడ్డున నువ్వు నడువు, నేను ముందుకు పరుగెత్తి వెనక్కి వచ్చి నిన్ను కలుసుకుంటాను. దారిలో బెంచీలు ఉన్నాయి, లెక్కపెట్టాను, వంతెన నుంచి మఠం దాకా ఎక్కడా నువ్వు ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేదు.

ఇక్కడి కంకర దారికి నీ చెప్పులు పనికిరావు. నేనే ఇక్కడ షూ కొంటాను. సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, తెల్ల కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించు. పక్కన స్కేలు పెట్టి అమ్మను ఫోటో తీసి పంపమను.

నీ చిన్నమ్మి