ఇన్‌లాండ్ లెటర్ అంచున రాసిన మాట

సంపాదకులకు నమస్కారం.

ఏటా జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, మీరు అమరవీరుల ఫొటోలు, వాళ్లు రాసిన చివరి ఉత్తరాలు వేస్తారు. ఆ పేపర్లన్నీ దాచుకున్నాను. 527 మంది ప్రాణాలిచ్చిన యుద్ధం అది. మా ఆయన తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చినవాళ్ల ఉత్తరాల కోసం ఇది రాస్తున్నాను.

మా పెళ్లి 1999 ఫిబ్రవరిలో అయింది. ఆయన ఆర్టిలరీలో గన్నర్. ఏప్రిల్ మొదట్లో సెలవు అయిపోయి వెళ్లిపోయారు. ఇంటినిండా మనుషులు, పగటిపూట ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. మేలో యుద్ధం మొదలైంది. టీవీ ముందు కూర్చుంటే టెన్షన్, కూర్చోకపోతే ఇంకా టెన్షన్. ఆయన చిరునామా కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనే ఉండేది. ఎక్కడున్నదీ రాయకూడదట. కార్గిల్ దగ్గరి ద్రాస్ అని తర్వాతే తెలిసింది.

అత్తయ్యకు చదువు రాదు. ఉత్తరం వస్తే అరుగు మీద అందరూ చేరేవారు, మా మరిది పైకి చదివేవాడు. నేనిక్కడ క్షేమం, ఆవు ఈనిందా, ఊడ్పులకు మనుషులు దొరికారా... ఇంతే. చివర "అందరినీ అడిగానని చెప్పు" అన్న మాటలో నా వాటా వెతుక్కునేదాన్ని.

జూన్ నెలాఖరులో ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. పైన జూన్ 16 తేదీ ఉంది. ద్రాస్ దగ్గరి తొలోలింగ్ కొండ మనవాళ్ల చేతికొచ్చి అప్పటికి మూడు రోజులు. మరిది చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. "ఇది వదినకి" అని నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. మడిచి అంటించే అంచున, చీమల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది:

"నువ్వు కట్టిచ్చిన సున్నుండలు ఎప్పుడో అయిపోయాయి. డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రాత్రి ఫైరింగ్ ఆగాక మూత తీస్తే ఇంకా నెయ్యి వాసన వస్తోంది. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇంట్లో ఉన్నప్పుడు చెప్పడం చేతకాలేదు. ఇక్కడి నుంచి చెబుతున్నాను."

ఏం రాశాడని అత్తయ్య కూడా అడగలేదు. ఆ రాత్రి నన్ను తన పక్కనే పడుకోబెట్టుకుంది.

ఆ గన్నుల మోతకు ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు. నేనెప్పుడూ కుడి పక్కనే కూర్చుంటాను. ఆ మాట ఆయన మళ్లీ నోటితో అనలేదు, నేనూ అడగలేదు. కాగితం బీరువాలో ఉంది.

మా వీధిలో ఒక పిన్నిగారి భర్త 1971 యుద్ధానికి వెళ్లారు. ఆయన ఉత్తరాలన్నీ ట్రంకుపెట్టెలో చెదలు తినేశాయి. చెబుతూ ఆవిడ ఏడ్చింది. మా బంధువుల అమ్మాయి భర్త 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో, సరిహద్దు నుంచి పంపిన నాలుగు ముక్కల మెసేజ్ ఫోన్ మార్చేసరికి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన మన సిపాయిల ఉత్తరాలను బ్రిటిష్ సెన్సార్ అధికారులు తెరిచి, కొన్నింటిని ఇంగ్లీషులో రాయించి పెట్టుకున్నారు. ఆ నకళ్లు ఇప్పటికీ లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. భార్యలకు రాసుకున్న బెంగ కూడా నిఘా పెట్టినవాళ్ల దగ్గరే భద్రంగా ఉందంటే నాకు చాలా బాధేసింది.

మా దగ్గర్లోని మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్లలో ఎన్ని పెట్టెల్లో ఎన్ని ఉత్తరాలున్నాయో! దయచేసి వచ్చే జులైలో ఒక పేజీ వాటికి ఇవ్వండి. జిల్లా గ్రంథాలయాలు కాపీలు తీసుకుని భద్రపరిచేలా రాయండి. ఉత్తరాలున్నవాళ్లు ఈలోగా కనీసం ఫొటో తీసి ఉంచుకోండి. సిరా వెలిసిపోతోంది. నా ఉత్తరంలో "నెయ్యి" అన్న చోట ఇప్పటికే సగం కనిపించడం లేదు.

దాని జిరాక్స్ దీంతో పంపుతున్నాను. ఆయన కుడి పక్కన కూర్చుని అడిగాను. కాసేపు ఆ కాగితం చూసి, "వేయమను. పేరు మాత్రం వద్దు" అన్నారు.

- ఒక మాజీ సైనికుడి భార్య,
తాడేపల్లిగూడెం