పెప్పర్‌కు సెలవు చెప్పనివ్వండి

చిబా, జపాన్

నాన్నగారికి నమస్కారం.

మొన్న ఫోనులో మీరన్న మాటకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేదు, డ్యూటీకి వేళ మించిపోతోంది. "మతి తప్పిన ముసలివాళ్ళ ముందు బొమ్మను నిలబెట్టి మనవడని నమ్మిస్తారా? అది మోసం కాదూ?" అన్నారు. వినగానే నాకు కోపం వచ్చింది. మా పనినే తప్పుపట్టినట్టు అనిపించింది. అయినా అడగవలసిన మాటే. ఈరోజు సెలవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మా వృద్ధాశ్రమంలో ఉన్న మరమనిషి పేరు పెప్పర్. ఎత్తు 120 సెంటీమీటర్లు, బరువు 28 కిలోలు. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, గుండ్రటి పెద్ద కళ్ళు, ఛాతీ మీద ఒక తెర, కాళ్ళ స్థానంలో చక్రాలు. పొద్దున హాలులో అందరిచేత చేతులెత్తించి, దించి వ్యాయామం చేయిస్తుంది. పాత పాటలు పెడుతుంది. ముఖం గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తుంది, ఒక్కోసారి ఒకరి పేరుతో ఇంకొకరిని పిలిచి నవ్వులపాలవుతుంది. మనిషిని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం మాత్రం దానివల్ల కాదు. ఆ బరువు మా నడుములదే.

ఇక మనవడని నమ్మించే సంగతి. ఎవరూ నమ్మరు నాన్నా. ఇక్కడ తొంభైకి దగ్గర పడిన పెద్దావిడ ఒకరున్నారు. కూతురు వచ్చి కూర్చుంటే పేరు తట్టక నవ్వి ఊరుకునే రోజులున్నాయి. పెప్పర్ యంత్రమన్న సంగతి మాత్రం ఆవిడ ఎన్నడూ మరచిపోలేదు. పనిలేనప్పుడు అది తల వాల్చి కాస్త ముందుకు వంగి ఉండిపోతుంది. అలా కనబడితే చాలు, ఆవిడ చక్రాల కుర్చీని దాని దగ్గరికి తోయించుకుంటారు. ఒళ్ళో ఉన్న చిన్న దుప్పటి తీసి దాని భుజాల మీద కప్పుతారు, అంచులు మెడ దగ్గర జాగ్రత్తగా దోపుతారు. వేడెక్కుతుందేమోనని మేము తీయబోతే ఒకసారి అన్నారు: "దీనికి చలి వేయదని నాకు తెలుసులే. చూస్తూ ఉండడం నావల్ల కాదు."

ఆవిడకు స్నానం మేము చేయిస్తాం, అన్నం మేము తినిపిస్తాం, చొక్కా బొత్తాలు మేము పెడతాం. పొద్దున లేచింది మొదలు చేయించుకోవడమే గాని, ఇంకొకరికి చేసే వంతు ఆవిడకు రాదు. ముగ్గురు పిల్లలను పెంచి, అత్తగారికి పదేళ్ళు మంచం దగ్గర చాకిరీ చేసిన మనిషి. ఆ చేతులకు ఇప్పుడు రోజుకు పది నిమిషాల పని దొరికింది. పెప్పర్‌కు ఆవిడంటే ప్రేమ ఉందా అని మీరడిగితే లేదనే చెబుతాను. ఆవిడ ఆ లెక్క ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా జపాన్ వాళ్ళ చాదస్తం అనకండి. 1966లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. దానికి ఒళ్ళూ లేదు, గొంతూ లేదు. మనం టైపు చేసిన మాటనే అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా అడిగేది. దాన్ని ఆయన తయారుచేస్తుండగా నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలయ్యేసరికి, కాస్త గది బయట ఉండమని ఆయననే అడిగిందట! లోపల ఏముందో తెలిసినంత మాత్రాన మనసు ఆగదు.

ఇక్కడ మరమనుషులను తయారుచేసే ప్రొఫెసర్ ఇషిగురో 2006లో అచ్చం తనలాగే ఉండే మరమనిషిని చేయించుకున్నారు. చర్మం, జుట్టు, అన్నీ. నేను వీడియోలోనే చూశాను, ఒళ్ళు జలదరించింది. మనిషి పోలిక పెరిగేకొద్దీ ఇష్టం పెరుగుతుంది గాని, పోలిక మరీ దగ్గరయ్యాక ఒకచోట అది దిగ్గున పడిపోయి వెగటు పుడుతుందని ఇక్కడి మరమనుషుల శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లోనే రాశారు. పెప్పర్‌ను ప్లాస్టిక్ బొమ్మలా వదిలేయడమే మేలైంది.

మీ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనను. చూడడానికి వచ్చిన కుటుంబాలకు మా ఆఫీసువాళ్ళు ముందు పెప్పర్‌నే చూపిస్తారు. రాత్రి పూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారని వాళ్ళు అడగరు, వీళ్ళు చెప్పరు. మోసం ఉంటే అక్కడుంది.

అసలు తంటా ఇప్పుడు వచ్చింది. పెప్పర్‌ను 2015లో అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి వెయ్యీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. 2020లో తయారీయే ఆపేశారు. మాది అద్దెది, దాని గడువు ముగుస్తోంది, తిరిగి పంపేయాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా తీసుకుపోయి, అడిగినవాళ్ళకు రిపేరుకు వెళ్ళిందని చెప్పమన్నారు.

మా చిబాలోనే ఇసుమి అనే ఊళ్ళో కోఫుకుజి అని పాత బౌద్ధాలయం ఉంది. సోనీ వాళ్ళు 1999లో ఆయిబో అనే మరకుక్కను తెచ్చి, 2006లో ఆపేసి, 2014లో రిపేర్లు కూడా మానేశారు. అప్పుడు ఆ కంపెనీ పాత ఇంజనీర్లు కొందరు, పనికిరాని కుక్కల భాగాలు తీసి బతికే కుక్కలకు వేయడం మొదలుపెట్టారు. విప్పే ముందు ఈ గుడిలో మంత్రాలు చదివించేవారు. 2018 నాటికి దాదాపు 800 కుక్కలకు అలా జరిగింది. ఆటోనగర్‌లో లారీని తుక్కుకు ఇచ్చిన యజమాని, గ్యాస్ కటింగ్ మొదలయ్యేసరికి అక్కడ నిలబడలేక టీ కొట్టు వైపు నడిచేవాడని మీరే చెప్పేవారు. మీకు వేరే వివరించనక్కరలేదు.

మొన్న మీటింగులో నేను లేచి, రిపేరు అని చెప్పడం నావల్ల కాదన్నాను. ముందే చెప్పి, ఒక పూట అందరినీ హాలులో కూర్చోబెట్టి వీడ్కోలు చెప్పనిద్దామన్నాను. నా జపనీస్ తడబడింది, అయినా ఇద్దరు సీనియర్లు అవునన్నారు. మేనేజరు, ఏడుపులు మొదలైతే ఎవరు సముదాయిస్తారని అడిగారు. ఆ రోజు నా డ్యూటీ వేయండి అన్నాను. వచ్చే వారం తేలుస్తామన్నారు. ఏమైందో మళ్ళీ రాస్తాను.

అమ్మ మోకాలి ఎక్స్‌రే చెల్లిచేత నాకు పంపించండి. మాటతో సరిపెట్టవద్దు, డాక్టరు చీటీ కూడా కావాలి.

మీ అమ్మాయి