స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పడవ కొనబోతున్న మా అబ్బాయికి

కర్నూలు,
ఉగాది మరునాడు.

చిరంజీవి నానికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. మీ నాయన షుగరు అదుపులోనే ఉంది కానీ, మెట్లు ఎక్కేటప్పుడు కుడి మోకాలు ఇబ్బంది పెడుతోంది. పండుగకు భక్ష్యాలు చేశాను. ఎండలు అప్పుడే ముదిరి, మధ్యాహ్నం వీధిలో మనిషి కనిపించడం లేదు. మూడు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. పని ఒత్తిడిలో ఉన్నావని కోడలు మెసేజ్ పెట్టింది కాబట్టి నేను పెద్దగా మనసుకు పట్టించుకోలేదు.

నిన్న పూజ ముగిసిన తరువాత మీ అత్తగారు ఫోను చేసి, పండుగ మాటలు అయ్యాక, "అబ్బాయి పడవ కొంటున్నాడంట కదా వదినా, వేసవిలో మనమందరం దీవులు చూసి రావచ్చంట" అన్నారు. నాకు ముందే తెలిసినట్లు "అవును వదినా" అన్నాను. ఫోను పెట్టేసి బుజ్జిని అడిగితే, అది కాసేపు తప్పించుకొని, చివరికి నువ్వు పంపిన ప్రకటనా, ఫోటోలూ నాకు పంపింది. మీ నాయన వాటిని చూసి ఏమీ అనకుండా పేపరు చదువుకున్నారు. పడవ వద్దని చెప్పడానికి వ్రాస్తున్న ఉత్తరం కాదిది, ముందే ఆ మాట చెబుతున్నాను. అయితే అత్తగారికి తెలిసిన సంగతి అమ్మకు ఎందుకు తెలియలేదన్నది మాత్రం రాత్రంతా ఆలోచించాను.

ఆ పడవను డే క్రూజర్ అంటారని, ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చే షికారుకే తప్ప రాత్రిళ్లు నివసించడానికి ఉద్దేశించినది కాదని చదివి తెలుసుకున్నాను. వెనుక భాగం తెరిచి ఉండి కుర్చీలు, చిన్న బల్ల ఉన్నాయి. ముందు భాగం కింద ఇద్దరు పడుకోగల చిన్న గది ఉంది. పాప మధ్యాహ్నం నిద్రపోవడానికీ, వాన వస్తే పిల్లలు తలదాచుకోవడానికీ, బట్టలు మార్చుకోవడానికీ ఆ గది పనికి వస్తుంది. అంతవరకు నీ ఎంపిక నాకు నచ్చింది. గది లేని పడవ తీసుకొని ఉంటే చిన్నపిల్లలున్న ఇంటికి అది సరిపోదని నేనే చెప్పి ఉండేదాన్ని.

కానీ ఆ ప్రకటనలో "ఏడుగురికి" అని ఉంది. మీరు నలుగురు, అత్తామామలు ఇద్దరు, జూన్‌లో వచ్చే మేము ఇద్దరం. ఎనిమిది మందిమి అవుతాము, నాయనా. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కనుక మొదట నా కన్ను అక్కడే పడింది.

ఐరోపాలో అమ్మే పడవల మీద తయారీదారు బిగించిన ఒక ఫలకం ఉంటుందట. దాని మీద ఎంతమంది మనుషులు, ఎన్ని కిలోల బరువు అన్నవి రెండూ, పడవ ఏ తరగతికి చెందినదో చెప్పే అక్షరం ఒకటీ ఉంటాయట. 'సి' అయితే తీరం దగ్గరి సముద్రానికి, గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ కొలమానంలో ఆరో బలం వరకు, అలలు రెండు మీటర్ల వరకు తట్టుకునేలా రూపొందించినదని అర్థం. 'డి' అయితే గాలి నాలుగో బలం, అల ముప్పై సెంటీమీటర్ల దగ్గరే దాని హద్దు. అది చెరువులకు, కాలువలకు సరిపోతుంది. ఆ అంకెలు పడవ కట్టినవాడు పెట్టిన చివరి హద్దులే కానీ, పిల్లలతో షికారుకు పోదగిన వాతావరణం కాదు. అమ్మేవాడి నోటి మాట కాకుండా ఆ ఫలకం నువ్వు స్వయంగా చదవాలి.

పెద్దమనిషి ఒక్కొక్కరికి 75 కిలోల చొప్పున లెక్క కడతారట. అలా చూస్తే ఏడుగురికి 525 కిలోలు. మన ఎనిమిది మందిలో ఇద్దరు పిల్లలు కనుక కిలోల లెక్కలో మనం అందులో ఇమిడిపోవచ్చు, నేను కూడి చూశాను. నువ్వు కూడా ఇదే లెక్క వేసి ధైర్యం తెచ్చుకొని ఉంటావు. ఆ లెక్క చాలదని చెప్పడానికే ఇంత వ్రాస్తున్నాను. ఫలకం మీది రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా దాటినట్లే. పైగా బరువు బస్తాల మాదిరిగా కదలకుండా ఉండదు. ఒక పక్షి కనిపిస్తే ఎనిమిది మందీ ఒకే అంచుకు చేరతారు.

ఆ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. 2009 అక్టోబర్ 2 నీకు గుర్తుండే ఉంటుంది, కానీ మనమెవ్వరమూ ఇంట్లో ఆ రోజు గురించి పూర్తిగా మాట్లాడుకోలేదు. నీకు ఇంటర్ రెండో సంవత్సరం, బుజ్జికి ఎనిమిదో తరగతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగి పాతబస్తీలో మన కింది ఇల్లు మునిగిపోతే, అవ్వను మంచంతో సహా మిద్దె మీదికి చేర్చుకొని, పక్కింటి వాళ్లతో కలిసి కూర్చున్నాము. కరెంటు లేదు, తాగే నీళ్లు రెండు బిందెలే ఉన్నాయి. సాయంత్రానికి ఒక నాటుపడవ వచ్చింది. నడిపే ఆయనకు యాభై ఏళ్లు ఉంటాయేమో, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకొని ఉన్నాడు. ఆరుగురినే ఎక్కించుకుంటానన్నాడు. అవ్వ, నువ్వు, బుజ్జి, నేను, పక్కింటి బాలింత, ఆమె తల్లి. చంటిబిడ్డను లెక్కలో వేయలేదు. మీ నాయన సర్టిఫికెట్ల రేకు పెట్టె పట్టుకొని మెట్ల మీద నిలబడి ఉన్నారు. "ఇంకొక్కరే కదయ్యా, సన్నటి మనిషి, ఏమవుతుంది?" అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా తన అరచేయి తెరిచి పడవ అంచుకూ నీళ్లకూ మధ్య నిలువుగా పెట్టి చూపించాడు. "ఈ చెయ్యి పట్టినంత తేలాలమ్మా. ఆయన ఎక్కితే నాలుగు వేళ్లే మిగులుతాయి" అన్నాడు. నేను వినలేదు. నోటికి వచ్చినట్లు మాట్లాడాను, నీకు మానవత్వం లేదా అన్నాను, డబ్బు ఎక్కువ ఇస్తానని కూడా అన్నాను. మీ నాయన పెట్టె మాత్రం నీ ఒళ్లో పెట్టి, "పోండి, నేను తరువాత వస్తాను" అని మెట్లెక్కి వెనక్కి పోయారు.

పడవ మన వీధి చివర మలుపు తిరిగేసరికి హంద్రీ వైపు సందులోనుంచి నీళ్ల వడి పక్కనుంచి కొట్టింది. బుజ్జి భయపడి లేచి నిలబడింది, దాన్ని పట్టుకోవడానికి నేను వంగాను, నా మీద అవ్వ ఒరిగింది. ఎడమ అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. ఆయన ఒక్క కేక వేసి అందరినీ అడుగున కూర్చోబెట్టి, గెడ గోడకు ఆనించి పడవను నిలబెట్టాడు. నువ్వు అవ్వ స్టీలు చెంబుతో నీళ్లు తోడి పోశావు. మనల్ని ఎత్తుగా ఉన్న రోడ్డు మీద దించి ఆయన తిరిగి పోయాడు, చీకటి పడ్డాక మీ నాయనను, పక్కింటి మగవాళ్లను తీసుకొని వచ్చాడు. అప్పటికి నేను ఏడుస్తూ ఉన్నాను, ఆయనతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. వరద తీశాక రెండు మూడు చోట్ల విచారించినా ఆయన దొరకలేదు. ఆ మలుపులో మీ నాయన కూడా పడవలో ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు.

పడవ సంగతి నాకు చెప్పకపోవడానికి కారణం ఆ రోజేనని అనుకుంటున్నాను. అమ్మ భయపడుతుంది, వద్దంటుంది అనుకొని ఉంటావు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు నేను రెండు రోజులు టీవీ పెట్టనివ్వలేదన్నది నిజమే. అయినా నువ్వు అడిగి ఉంటే నేను వద్దని అనేదాన్ని కాదు.

ఇంజను విషయం చిన్నమామను అడిగాను. నువ్వు చూసిన పడవలో పెట్రోలు ఇంజను వెనుక అడుగున పెట్టెలో ఉండి, పడవను తోసే పంకా ఉండే దాని కాలు మాత్రం బయట నీళ్లలో ఉంటుంది. పెట్రోలు ఆవిరి మన వంటగ్యాసు లాగానే గాలికన్నా బరువైనది, కారితే పైకి పోకుండా అడుగునే పేరుకుంటుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు గాలి లాగే ఫ్యాను నడపాలని, మూత తెరిచి వాసన చూడాలని చెబుతారు. వంటింట్లో గ్యాసు వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దని నీకు చిన్నప్పుడే నేర్పాను, ఇదీ అదే. పైగా ఆ కాలు బయటికి వచ్చే చోట బెల్లోస్ అనే రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే కట్టి ఉంచిన పడవలోకే నీళ్లు వచ్చేస్తాయి. మీ వైపు సముద్రం ఉప్పునీరు కనుక, అంత పాత ఇంజను లోపల తుప్పు ఎంత తిన్నదో పైకి కనిపించదు. వెనుక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజను ఉన్న పడవ అయితే ఆవిరి బయటే చెదిరిపోతుంది, కట్టి ఉంచినప్పుడు ఇంజనును నీళ్లలోనుంచి పైకి లేపి ఉంచవచ్చు, చెడిపోతే మార్చడం సులభం. ధర కొంత ఎక్కువైనా అటువంటిదే చూడమని చిన్నమామ మాట, నా మాట కూడా అదే.

ఏది చూసినా, నీళ్లలో లేని పడవకు డబ్బు ఇవ్వవద్దు. గట్టు మీద ఉన్నప్పుడు పడవ అడుగు భాగం చూడు, తెలిసిన మనిషిచేత తేమ కొలిచే పరికరంతో వెనుక పలకనూ అడుగు చెక్కనూ పరీక్షించు; తరువాత నీళ్లలో దించి, ఎంతమందిని ఎక్కించదలచుకున్నావో అంతమందినీ ఎక్కించి నడిపి చూడు. ఇద్దరితో చక్కగా నీటిపైకి లేచి పరుగెత్తే పడవ, మనుషులు నిండాక ముక్కు ఆకాశానికి ఎత్తి ఈడ్చుకుంటూ పోతుందట.

నీకు ఈత వచ్చునని నాకు తెలుసు. అవ్వగారి ఊరి బావిలో ఎండు సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకున్న ఈత అది. మే నెలలో మీ సముద్రం పది డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లని నీళ్లలో పడిన మొదటి నిమిషంలో మనిషికి తెలియకుండానే ఊపిరి ఎగబీల్చుకుంటుంది, అప్పుడు నోట్లోకి నీళ్లు పోతే ఈత వచ్చినా ప్రయోజనం లేదు. అందువల్ల లైఫ్ జాకెట్ పడవలో ఉండడం కాదు, ఒంటి మీద ఉండాలి. పిల్లలకు బరువును బట్టి కొనాలి, ముఖం పైకి తిప్పే కాలరూ, కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నవే కొనాలి; పెరుగుతారు కదా అని ఒక సైజు పెద్దది మాత్రం కొనవద్దు, స్కూలు చొక్కా కాదు అది. నువ్వు పడిపోతే ఇంజను ఆగేలా చేసే ఎర్ర తాడు ప్రతిసారీ నీ కాలికి తగిలించుకో. నీళ్లలో ఉన్న మనిషి తానే అందుకొని ఎక్కగల నిచ్చెన ఉందో లేదో చూడు. కోడలికి కూడా ఇంజను ఆపడం, పడవ తిప్పడం, రేడియోలో 16వ ఛానెల్‌లో సాయం కోసం పిలవడం నేర్పు. పడినవాడివి నువ్వే అయితే తీసుకొచ్చేది ఆమె కదా.

మీ ఊళ్లోనే సముద్రంలో ఆపదలో ఉన్నవారిని కాపాడే సంఘం ఉందని, 1907లో మొదలై ఇప్పటికీ స్వచ్ఛందంగా పనిచేసేవారితో నడుస్తోందని చదివాను. పడవ కొన్న రోజే అందులో సభ్యత్వం తీసుకో. పెట్రోలు మూడు భాగాలు చేసి, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అవసరానికి ఒకటి అని లెక్క పెట్టుకో. మీ స్నేహితులు వచ్చినప్పుడు తాగి చుక్కాని పట్టవద్దు. పదిహేను నాట్ల (గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) వేగం అందుకునే పడవలు నడిపేవారికి అక్కడ రక్తంలో మద్యం వెయ్యికి 0.2 వంతు అన్న హద్దు ఉందని నీకు తెలిసే ఉంటుంది.

మీ నాయనకు షుగరు వల్ల గంటకొకసారి లేవాలి. ఆ చిన్న గదిలో ఎత్తి పెట్టుకునే టాయిలెట్ పెట్టడానికి చోటు ఉందా? అక్కడ 2015 నుంచి టాయిలెట్ నీళ్లు సముద్రంలోకి వదలకూడదట, కనుక దాన్ని రేవుకు తెచ్చి పారబోసే ఏర్పాటు కూడా కనుక్కో. ఆయన మోకాలికి రేవు గట్టునుంచి పడవలోకి దిగే మెట్టు ఎంత ఎత్తు ఉందో కొలిచి చెప్పు. ఎండకు, వానకు పైన కప్పే గుడ్డ చిరిగి ఉంటే, కొత్తది కుట్టించడానికి చాలా ఖర్చవుతుందట, దాన్ని ధరలోనే తగ్గించి అడుగు. అన్నిటికన్నా ముందు పడవ కట్టుకునే చోటు దొరుకుతుందా అని విచారించు, దానికి ఏళ్ల తరబడి వరుసలో ఉండాలని అంటున్నారు. శీతాకాలం గట్టు మీద పెట్టడం, ఇన్సూరెన్సు, ఏటా ఇంజను సర్వీసు, ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద వ్రాయి. ఈ వేసవికి అద్దె పడవతో నడిపి చూసి వచ్చే ఏడు కొన్నా ఎవరూ ఏమీ అనరు.

ఒకవేళ ఏడుగురి పడవే కుదిరితే, రెండు విడతలుగా పోదాము. మొదట మీ అత్తామామలను తీసుకొని వెళ్లు, నేను రేవులో పాపను పెట్టుకొని కూర్చుంటాను. ఇంత వ్రాసినా, ఆ రోజు అందరూ నవ్వుతూ ఎక్కుతుంటే "ఇంకొక్కరమే కదా నానీ" అని నేనే అంటానేమోనని నాకు భయంగా ఉంది. అంటే నువ్వు వద్దని చెప్పాలి. నేను కోపగించుకున్నా సరే, అత్తగారి ముందు చిన్నబుచ్చుకున్నా సరే, ఎక్కించుకోవద్దు.

జాకెట్లకు కావాలి కనుక కొలతలు వ్రాస్తున్నాను. మీ నాయన బరువు 74 కిలోలు, ఛాతీ చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. నాది 61 కిలోలు, 96 సెంటీమీటర్లు. అత్తామామలవి నువ్వే అడుగు, నేను అడిగితే బాగుండదు. ఆదివారం ఫోను చేసే ముందు ఆ ఫలకం ఫోటో తీసి పంపు, అంకెలు చదవగలిగేటంత దగ్గరనుంచి తియ్యి.

మీ అమ్మ

బుజ్జిని ఏమీ అనవద్దు. నేనే గట్టిగా అడిగి చెప్పించుకున్నాను.