అబ్రాహాము యూదుడేనా?

ప్రియమైన జాన్‌కు,

వందనాలు రా. నీ మెసేజ్ చూశాను. సండే స్కూల్లో ఒక పిల్లాడు "అబ్రాహాము యూదుడేనా అంకుల్?" అని అడిగాడనీ, వచ్చే వారం చెబుతానని అన్నావనీ రాశావు. ఇది వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నా. ముందు ఆ పిల్లాణ్ణి నా తరఫున మెచ్చుకో. హెబ్రీయుడు, ఇశ్రాయేలీయుడు, యూదుడు అనే మూడు మాటల్నీ ఒకే గాటన కట్టేసి చదువుకుపోయేవాళ్లే మనలో ఎక్కువ.

సూటిగా చెప్పాలంటే, కాదు. యూదుడు అనే మాట యూదా పేరు నుంచి వచ్చింది, ఆ యూదా అబ్రాహాముకు మునిమనవడు. ఇశ్రాయేలు అనే పేరు యబ్బోకు నది రేవు దగ్గర, రాత్రంతా పెనుగులాడిన తర్వాత, మనవడు యాకోబుకు వచ్చింది. కాబట్టి అబ్రాహాము యూదుడూ కాదు, ఇశ్రాయేలీయుడూ కాదు. ఆదికాండము 14వ అధ్యాయం ఆయన్ని హెబ్రీయుడు అంటుంది. నోవహు కొడుకు షేము వంశంలోని ఏబెరు అనే పూర్వీకుడి పేరు మీదుగా ఆ మాట వచ్చిందని కొందరు, నది దాటి వచ్చినవాడని అర్థమని కొందరు అంటారు. దాని మీద ఎక్కువసేపు ఆగొద్దు. ఆ మాట ఎవరి నోట వస్తోందో చూడమని పిల్లలకు చెప్పు, అసలు సంగతి అక్కడే ఉంది.

యోసేపు మీద నింద వేసేటప్పుడు పోతీఫరు భార్య అతన్ని హెబ్రీయుడనే అంటుంది. ఫిలిష్తీయులు యుద్ధంలో అవతలి పక్షాన్ని హెబ్రీయులనే పిలుస్తారు. తుపానులో ఓడవాళ్లు నువ్వెవరని నిలదీస్తే యోనా "నేను హెబ్రీయుడను" అంటాడు. బయటివాళ్లు వీళ్లను పిలిచే పేరు అది, బయటివాళ్లకు వీళ్లు తమ గురించి చెప్పుకునే పేరూ అదే. నిర్గమకాండము 5వ అధ్యాయం మొదటి మూడు వచనాలు వాళ్లతో చదివించు. మోషే, అహరోను ఫరో ముందు నిలబడి ఇశ్రాయేలు దేవుడైన యెహోవా ఇలా అంటున్నాడని మొదలుపెడతారు. ఫరో, యెహోవా ఎవడు, నాకు తెలియదు పొమ్మంటాడు. వెంటనే వాళ్లు మాట మార్చి హెబ్రీయుల దేవుడు అంటారు. ఐగుప్తు రాజుకు తెలిసిన పేరుతో మళ్లీ చెప్పారన్నమాట. ఈ మూడు వచనాలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది రా.

ఇశ్రాయేలు అనేది ఇంటి పేరు లాంటిది, పన్నెండు గోత్రాలదీ. బైబిలు బయట కూడా ఆ పేరుకు పాత సాక్ష్యం ఉంది. 1896లో ఈజిప్టులోని థీబ్స్‌లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీకి మెర్నెప్తా అనే ఫరో శాసనం దొరికింది. క్రీ.పూ. 1208 ప్రాంతంలో వేయించిన రాయి అది. అందులో ఇశ్రాయేలు అనే పేరు ఒక దేశానిదిగా కాక ఒక ప్రజదిగా చెక్కి ఉంది. ఇప్పుడది కైరోలో ఉంది.

చిక్కంతా సొలొమోను రాజు పోయాక వస్తుంది. రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన పది గోత్రాలు ఇశ్రాయేలు అనే పేరు ఉంచుకున్నాయి, దక్షిణాన యెరూషలేము చుట్టూ ఉన్నది యూదా అయింది. యూదులు అనే మాట హీబ్రూ మూలంలో మొదటిసారి కనబడేది రెండవ రాజులు 16వ అధ్యాయంలో. అప్పుడు ఇశ్రాయేలు రాజు పెకహు, సిరియా రాజు రెజీను కలిసి యెరూషలేము మీదికి దండెత్తారు. యూదుల పేరు మొదట వినబడే చోటే వాళ్లు ఇశ్రాయేలుతో యుద్ధంలో ఉన్నారు! ఇద్దరూ ఒకటే అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లకు ఈ ఒక్క అధ్యాయం చాలు.

ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో, యూదా 586లో బబులోను చేతిలో పోయాయి. బబులోనుకు బందీలుగా పోయిన ఆ చెరలో బతికి బట్టకట్టిన జనం ఎక్కువగా యూదావాళ్లే. అక్కడి నుంచి యూదుడు అనేది గోత్రం పేరు దాటిపోయింది. పారసీక రాజు షూషను కోటలో ఉన్న మొర్దెకైది బెన్యామీను గోత్రం, అయినా ఎస్తేరు గ్రంథం అతన్ని యూదుడు అంటుంది. పౌలుదీ బెన్యామీనే. యెరూషలేములో రోమా అధికారితో మాట్లాడుతూ తాను యూదుణ్ణి అంటాడు. రోమీయులకు రాస్తూ తన జనంపై దేవుడి వాగ్దానం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇశ్రాయేలీయుణ్ణి అంటాడు. ఫిలిప్పీయులకు రాస్తూ తన పుట్టుక ఎంత గట్టిదో చూపించాల్సి వచ్చేసరికి హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుణ్ణి అంటాడు. మనిషి ఒక్కడే, మూడూ నిజమే.

ఇక సిలువ దగ్గర చూడు. రోమా అధిపతి పిలాతు పైన రాయించింది "యూదుల రాజు" అని. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు అడిగిందీ యూదుల రాజు గురించే. కానీ కింద నిలబడి అపహసించే ప్రధాన యాజకులు ఇశ్రాయేలు రాజు దిగి రావాలి అంటారు. పరాయివాళ్లది ఒక మాట, సొంతవాళ్లది ఒక మాట. సువార్తలు రాసినవాళ్లు ఎవరి నోటి మాట వాళ్లకు ఎంత జాగ్రత్తగా అంటగట్టారో! నతనయేలును చూసి ప్రభువు "నిజముగా ఇశ్రాయేలీయుడు" అన్నది కూడా ఈ వెలుగులో మళ్లీ చదువు.

బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ సంగతి కూడా చెప్పు. సమరయ అంటే పాత ఉత్తర రాజ్యపు ప్రాంతమే. ఆమె యేసును యూదుడవు అంటుంది, మళ్లీ ఆ నోటితోనే యాకోబు మా తండ్రి అంటుంది. సమరయులు ఈనాటికీ గెరిజీము కొండ మీద, ఇజ్రాయెల్‌లోని హోలోన్ ఊళ్లో కొన్ని వందల మంది ఉన్నారు. తాము ఇశ్రాయేలీయులమే గానీ యూదులం కామని వాళ్ల మాట.

ఒక్కటి మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పాలి. పేపర్లో వచ్చే ఇజ్రాయెల్ 1948లో ఏర్పడిన దేశం. దాని పౌరుల్లో దాదాపు ఐదో వంతు అరబ్బులు. ఆ దేశపు వార్తల్ని తీసుకొచ్చి బైబిల్లోని ఇశ్రాయేలు మీద నేరుగా అతికించి ప్రసంగాలు చేయడం నాకు బొత్తిగా నచ్చదు. బైబిలుకూ అన్యాయమే, అక్కడ బతికే మనుషులకూ అన్యాయమే.

మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని వాళ్లు చెప్పుకుంటారు, అంటే ఉత్తర రాజ్యపు గోత్రం. కానీ విశ్రాంతి దినం, పండుగలు పాటించేది యూదులుగానే. సెలవుల్లో నువ్వు ఇటు వస్తే ఒకసారి వాళ్ల సమాజ మందిరానికి వెళ్లొద్దాం, అడిగి మరీ వెళ్దాం.

చెల్లెమ్మకూ పిల్లలకూ వందనాలు చెప్పు. ఆదివారం క్లాసు ఎలా జరిగిందో, ఆ పిల్లాడు ఇంకేం అడిగాడో తప్పకుండా రాయి.

నీ
ప్రసాద్