వాషింగ్ మెషిన్ మీద నీటి సంగతి కూడా రాయాలి

సంపాదక మహాశయా,

పండుగ రాయితీల ప్రకటనల్లో వాషింగ్ మెషిన్‌కు ఎన్ని కిలోల బట్టలు పడతాయో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఎన్ని నక్షత్రాలు ఉన్నాయో పెద్ద అక్షరాలతో వేస్తున్నారు గానీ, అది ఎలాంటి నీటికి పనికొస్తుందో చెప్పడం లేదు. ‘కఠిన జలానికీ’, అంటే సున్నం వంటి లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీటికీ, ‘అనువైనది’ అని కొందరు రాస్తున్నా, ఎంత కఠినమైన నీరో తెలిపే అంకె మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

మా పాత సెమీ ఆటోమేటిక్‌ను తీసేసి నాలుగేళ్ల కిందట ఫ్రంట్ లోడ్ కొన్నాం. మాది అపార్టుమెంటులో పై అంతస్తు, నెత్తిమీదే ట్యాంకు. కుళాయిలో నీళ్లు వస్తూనే ఉన్నా, యంత్రం నీళ్లు అందడం లేదని చెప్పి మొదటి వారంలోనే మొరాయించింది. మెకానిక్ చూసి, "ప్రెషర్ చాలదు సార్, పంపు పెట్టించుకోండి" అన్నాడు. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ పీడనం ఉంటుందని ముప్పై ఏళ్లపాటు బోర్డు మీద రాసినవాణ్ని, మా ట్యాంకుకూ మా కుళాయికీ మధ్య మూడు మీటర్లు కూడా లేవన్న సంగతి కొనేటప్పుడు తట్టనేలేదు. మాన్యువల్ లోపలి పేజీల్లో కనీసం 1 బార్ కావాలని ఉంది. సరే, పంపు పెట్టించాం. మరో ఏడాదిన్నరకు హీటర్ పోయింది. మెకానిక్ బయటికి లాగిన రాడ్డు మీద రూపాయి బిళ్ల మందాన తెల్లటి పూత పేరుకుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పాతగోడ సున్నంలా పెచ్చులుగా రాలింది. బోరు నీళ్ల ప్రసాదం!

ఇందులో యంత్రం తప్పు ఎంతో చెప్పలేను. ఎందుకంటే అది పుట్టిన చోటు వేరు. హీటర్‌తో సహా వచ్చే ఫ్రంట్ లోడ్, ఐరోపా ఇళ్లకు తగినట్టుగా రూపుదిద్దుకున్న యంత్రం. అక్కడ చన్నీళ్ల గొట్టం ఒక్కటే బిగిస్తారు, నీళ్లు కాచుకునే పని యంత్రానిదే. 230 వోల్టుల కరెంటు కాబట్టి 2 కిలోవాట్ల హీటర్ పెట్టినా ఇబ్బంది లేదు. 15 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దానికి దాదాపు 24 నిమిషాలు చాలు. అమెరికాలో మామూలు ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అంటే 1800 వాట్లకు మించి తీసుకునే వీల్లేదు. అందుకే ఇంటి మొత్తానికీ ఉన్న వేణ్నీళ్ల ట్యాంకు నుంచి విడిగా ఒక గొట్టం వేసి యంత్రానికి కలుపుతారు. కాచుకునే పని లేదు గనుక అక్కడి టాప్ లోడ్ ముప్పై నలభై నిమిషాల్లో ఉతికేస్తుంది, నీళ్లు మాత్రం ధారాళంగా తాగుతుంది. టెక్సస్‌లో ఉండే మా అబ్బాయి, జర్మనీలో అక్క ఇంటికి వెళ్లినప్పుడు, కరెంటు ఆదా కోసం నెమ్మదిగా ఉతికే ఎకో ప్రోగ్రాం మూడు గంటలు దాటడం చూసి యంత్రం చెడిపోయిందనుకున్నాడట.

జపాన్ దారి మరొకటి. అక్కడి నీరు చాలావరకు మెత్తనిది, అంటే లవణాలు తక్కువ, ఉతుకు ఎక్కువగా చన్నీళ్లతోనే. ఒళ్లు తొట్టి బయటే రుద్దుకుని శుభ్రంగా తొట్టిలో దిగుతారు కాబట్టి ఇంటిల్లిపాదీ స్నానం చేసినా ఆ నీళ్లు మరీ మురికి కావు. వాటిని తోడుకుని ఉతకడానికి చిన్న పంపూ గొట్టమూ చాలా యంత్రాలకు ఉంటాయి. చివరిసారి జాడించడానికి మాత్రం కుళాయి నీళ్లే. మన సెమీ ఆటోమేటిక్‌లోని తెలివీ ఇలాంటిదే. దాన్ని పాతకాలపు సరుకుగా చూస్తారు గానీ, పీడనం లేకపోతే బకెట్‌తో పోసుకోవచ్చు, హీటర్ లేదు కనుక సున్నం పట్టే బెడద తక్కువ, ఒకే సబ్బునీళ్లలో ముందు తెల్లబట్టలు, తరవాత రంగుబట్టలు, చివరికి కాళ్లు తుడుచుకునే పట్టాలు ఉతుక్కోవచ్చు. మూడు రోజులకోసారి నీళ్లు వచ్చే వీధిలో దీన్ని మించినది ఇంకా రాలేదని నా అభిప్రాయం.

జర్మనీలో మా అమ్మాయి వాడే సబ్బుపొడి పెట్టె మీద మెత్తటి, మధ్యస్థ, కఠిన జలాలకు వేర్వేరుగా ఎంత పొడి వేయాలో ముద్రించి ఉంది. వాళ్ల ఊరి నీరు ఏ తరగతిదో సరఫరా సంస్థే చెబుతుంది. కఠినత్వం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటితే అక్కడ కఠిన జలం కిందే లెక్క. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ కఠినత్వం 200 వరకు ఉండటం మంచిది, వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. అంటే మనం తాగడానికి పనికొస్తుందన్న నీరే అక్కడి కఠిన జలపు గీతకు రెట్టింపు దాటి ఉండవచ్చు. బట్టలకు వాడే బోరు నీటికి ఆ హద్దు కూడా లేదు. మరమ్మతు సంగతి చూస్తే, 2021 మార్చి నుంచి ఐరోపా సమాఖ్యలో, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా పదేళ్లపాటు హీటర్ వంటి విడిభాగాలు దొరికేలా చూడటం తయారీదారు బాధ్యత. మా హీటర్ కోసం మేము అయిదు వారాలు ఎదురుచూశాం.

కాబట్టి భారత ప్రమాణాల సంస్థకూ వినియోగదారుల వ్యవహారాల శాఖకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం: కనీసం ఎంత నీటి పీడనం కావాలో, ఎంత కఠినత్వం వరకు తట్టుకుంటుందో యంత్రం అట్టపెట్టె మీదే తెలుగులో ముద్రించాలన్న నిబంధన తేవాలి. సబ్బుపొడి పొట్లాలకూ కఠినత్వాన్ని బట్టి కొలతలు చేర్చాలి. నగరపాలక సంస్థలు సరఫరా చేసే నీటి కఠినత్వాన్ని నెలవారీ నీటి బిల్లు మీద ఒక్క అంకెగా వేస్తే చాలు. బోరు నీళ్లవాళ్లు సొంతంగా పరీక్ష చేయించుకోవలసిందే. కొత్త హీటర్ వచ్చాక మేమూ ఆ పని చేయించాం, 540 అని తేలింది.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హైదరాబాద్