కొత్త గ్రంథాలయ భవనం: మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పుస్తక విరాళాల సేకరణ, పిల్లల వేసవి పఠన శిబిరం, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎప్పటిలాగే జరిగాయి. అయితే సంఘం శక్తిలో సింహభాగం ఒక్క పనికే ఖర్చయింది. మన శాఖా గ్రంథాలయానికి కొత్త భవనం మంజూరైంది. అది ఎలా ఉండాలో నిర్ణయించే దశలోనే పాఠకుల మాట వినిపించాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకే ఈ నివేదిక కూడా ఎక్కువ భాగం ఆ భవనం గురించే.

ఈ విషయంలో మనకున్న హక్కు చిన్నది కాదు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. భవనం ఒకసారి కడితే అయిపోదు. ఆ తర్వాత యాభై అరవై ఏళ్లు దాని కరెంటు బిల్లు, నీటి ఖర్చు, మరమ్మతులు భరించాలి. పుస్తకాలు కొనేదీ పత్రికలకు చందాలు కట్టేదీ కూడా ప్రజాధనంతోనే కాబట్టి బిల్లు పెరిగితే ముందు కోత పడేది పుస్తకాల మీదే. పర్యావరణానికి మేలు చేసే భవనం కావాలని మనం అడగడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం తెలియాలంటే ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడు దాటాక పాత భవనంలోకి వెళ్లి చూడాలి. పడమటి గోడ మీద చెయ్యి పెట్టలేం. దినపత్రికల బల్లను ఎవరూ చెప్పకుండానే గది మధ్యకు లాగేస్తారు. పెద్దవాళ్లు పత్రికను కిటికీ వైపు తిప్పి పట్టుకుంటారు, ఎండ మొహం మీద పడగానే మళ్లీ ఇటు తిరుగుతారు. ఆ గోడకు ఆనించిన బీరువాలో నిఘంటువుల అట్టలు వేసవిలో పెళుసెక్కి, వీపు దగ్గర బంక పొడిపొడిగా రాలుతోంది. వానాకాలంలో అదే బీరువా కింది అరలో బూజు పడుతోంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే కాగితం మీద బూజు పట్టడం ఖాయం. ఎండా వానా రెండూ ఒకే గోడ నుంచి లోపలికి వస్తున్నాయి. తప్పు గోడదే గాని పుస్తకాలను చూసుకునే సిబ్బందిది కాదు.

ఇలాంటి పరిస్థితిలో మొదట చూపించిన నమూనా చిత్రంలో భవనం ముందుభాగమంతా నిలువెత్తు అద్దం. రోడ్డు ఉన్నది పడమర వైపు. చిత్రం చూడటానికి అందంగానే ఉంది. కానీ హైదరాబాద్ ఎండలో పడమటి అద్దం వెనుక కూర్చుని చదవడం ఎవరికి సాధ్యం? అద్దం పెడితే ఏసీ పెట్టాలి, ఏసీ పెడితే కిటికీలు మూసేయాలి, కిటికీలు మూస్తే పట్టపగలు లైట్లు వేయాలి. ఒక్క తప్పుకు మూడు బిల్లులు. ఈ మాటే లిఖితపూర్వకంగా ఇచ్చాం, సమావేశాల్లోనూ పట్టుబట్టాం. ఇప్పుడు ప్లానులో ఆ అద్దం స్థానంలో లోతైన వరండా, దాని ముందు జాలీ గోడ, అంటే చిన్న చిన్న రంధ్రాలున్న గోడ వచ్చాయి. ఈ ఏడాది మనం సాధించిన పనుల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం.

జాలీ గోడ సంగతి నమ్మకంగా చెప్పగలగడానికి కారణం కొండాపూర్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004లో ప్రారంభమైన ఆ భవనానికి అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం గుర్తింపు దక్కింది. పర్యావరణ హిత భవనాలకు ఇచ్చే లీడ్ గుర్తింపులో అన్నిటికన్నా పై మెట్టు అది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, ఎండను వడగట్టి వెలుతురును మాత్రం పంపే జాలీలు, పైకప్పు మీద మట్టి పోసి పెంచిన పచ్చిక, గాలిని చల్లబరిచి లోపలికి తెచ్చే గోపురాలు అక్కడ ఉన్నాయి. మనది అంత ఖర్చుతో కట్టే భవనం కాదు. అయినా ముంగిలీ జాలీలూ మన పాత లోగిళ్లలో ఉన్నవే, వాటికి విదేశీ యంత్రాలేమీ అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా మనకు పాఠమే. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై 1936లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. ఆ ఎత్తైన కప్పు, మందపాటి గోడలు ఎందుకో ఎండాకాలంలో లోపల అడుగుపెట్టిన వారికి వేరే చెప్పక్కర్లేదు.

మన ఉపసంఘం రూపొందించిన లక్ష్యాల పత్రం ఒకే సూత్రం మీద నడిచింది. లక్ష్యం టెండరు కాగితంలో అంకెగా ఉండాలి. ‘పర్యావరణ హితంగా కట్టవలెను’ అని రాస్తే శంకుస్థాపన ఉపన్యాసానికి పనికొస్తుంది గాని కాంట్రాక్టరుకు దానితో పని లేదు. అంకె ఉంటే కొలవొచ్చు, కొలిచి అడగొచ్చు.

మొదటి అంకె పైకప్పుది. మన అక్షాంశంలో మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒకటి రెండు అంతస్తుల భవనానికి ఎండ దెబ్బ ముందు తగిలేది కప్పు మీదే. 2023 ఏప్రిల్‌లో విడుదలైన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది కాబట్టి దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మనం చేర్చింది మరో మాట: రంగుకు బదులు తెల్లని చైనా మొజాయిక్ (పగలగొట్టిన టైల్ ముక్కలు) వేయాలి, ఏటా మార్చిలోపు కప్పు కడగాలి. దుమ్ము పట్టిన తెల్లరంగు ఎండను తిప్పికొట్టలేదు. కడగడానికి మెట్లు, నీటి కుళాయి ప్లానులోనే ఉండాలి. ఇంత చిన్న విషయం ప్లానులో లేక ఎన్ని భవనాల కప్పులు నల్లబడలేదు!

ఫ్యాన్ల లెక్క సభ్యులు బాగా ఇష్టపడ్డారు కనుక ఇక్కడ ఇస్తున్నాను. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 35 వాట్లలోపు సరిపెట్టుకుంటుంది. పఠన మందిరంలో 40 ఫ్యాన్లు రోజుకు 10 గంటలు తిరుగుతాయనుకుంటే రోజుకు 16 యూనిట్లు మిగులుతాయి. మన దగ్గర 1 కిలోవాట్ సౌర ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే ఫ్యాన్లు మార్చిన పుణ్యాన 4 కిలోవాట్ల ఫలకాలు కొనాల్సిన పని తప్పుతుంది. సౌర ఫలకాలు వద్దని కాదు. ఖర్చు తగ్గించాకే ఉత్పత్తి మాట ఎత్తాలి.

పోటీ పరీక్షలకు చదివే యువ సభ్యులతో ఏసీ విషయంలో గట్టి వాదనే జరిగింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో లాగే మన దగ్గర కూడా పొద్దున తలుపు తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా టిఫిన్ బాక్సుతో కూర్చునే వాళ్లు వీళ్లే. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఫ్యాను వేడిగాలినే విసురుతుందన్నది వారి మాట. అది నిజం. మందిరమంతా ఏసీ పెడితే దాని బిల్లు భరించలేక తొలి ఏడాదే తలుపులు పెందలాడే మూయాల్సి వస్తుందన్నది పెద్దల భయం. ఆ భయంలోనూ అర్థం ఉంది. కూలర్లు పెడితే చల్లదనంతో పాటు తేమ వస్తుంది, అది పుస్తకాలకు చేటు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: పుస్తకాల విభాగానికీ పరీక్షార్థుల గదికీ మధ్య గోడ ఉండాలి. పరీక్షార్థుల గదికి మాత్రం వేసవి మధ్యాహ్నాల్లో నడిచే ఏసీ, దాని ఉష్ణోగ్రత 26 డిగ్రీలకు తగ్గకూడదు. పాత ప్రతుల గదికి వేరే ఏర్పాటు. పెద్ద మందిరంలో ఎత్తైన కప్పు, రాత్రంతా తెరిచి ఉంచగలిగేలా పైన దోమల జాలీ ఉన్న వెంటిలేటర్లు.

వెలుతురు గురించి ఒక్క మాట. బీరువాలను కిటికీలకు అడ్డంగా పెట్టకుండా, కిటికీ గోడకు లంబంగా నిలిపితే రెండు వరుసల మధ్యకు వెలుతురు సూటిగా వస్తుంది, నేరుగా ఎండ తగిలి అట్టల రంగు వెలవదు. ఉత్తరం కిటికీలు పెద్దవి, పడమటివి చిన్నవి. బీరువాల్లో అన్నిటికన్నా కింది అర నేల నుంచి జానెడు ఎత్తులో ఉండాలి.

నీటి విషయానికి వస్తే, 1 చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. మన నగరంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 500 చదరపు మీటర్ల కప్పు మీద పడిన దానిలో 80 శాతం పట్టుకోగలిగినా 3,20,000 లీటర్లు. నీరు, నేల, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉన్నప్పటికీ ఇంకుడు గుంత తవ్వి వదిలేయడమే ఎక్కువగా జరుగుతోంది. తొలి వాన మురికిని బయటికి పంపే ఏర్పాటు, ఏటా పూడిక తీసే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలని కోరాం.

స్థలంలో ఈశాన్యాన పెద్ద వేప చెట్టు, పడమటి ప్రహరీ వెంట రెండు కానుగలు ఉన్నాయి. తొలి ప్లానులో ఆ కానుగల చోట వాహనాల పార్కింగు గీశారు. పడమటి ఎండకు ఆ చెట్ల నీడకు మించిన తెర డబ్బు పోసినా దొరకదు. ఇప్పుడు పార్కింగు తగ్గింది, సైకిల్ స్టాండు వచ్చింది, బస్టాపు వైపు నుంచి నడిచి వచ్చేవారికి వేరే గేటు, చక్రాల కుర్చీకి 1:12 వాలుతో ర్యాంపు వచ్చాయి. ర్యాంపూ మహిళల మరుగుదొడ్లూ పర్యావరణ లక్ష్యాల్లోకి ఎందుకని ఒక అధికారి అడిగారు. సగం మంది వాడుకోలేని భవనానికి పోసిన సిమెంటంతా దండగే కదా.

అన్నీ ఒప్పుకున్నారని చెప్పలేను. పాత భవనాన్ని పడగొట్టకుండా పిల్లల విభాగంగా మలచాలన్న మన విన్నపం తిరస్కరించారు. దానికి బదులు టేకు ద్వారబంధాలు, కిటికీ చెక్కలు, షాబాద్ బండలు జాగ్రత్తగా తీసి కొత్త భవనంలో వాడతామన్నారు. గోడలకు థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు, నేలకు తాండూరు బండ అంగీకరించారు. లీడ్ లాంటి గుర్తింపు ఫలకం కోసం దరఖాస్తు చేయాలా వద్దా అన్నది తేలలేదు. చెన్నై అన్నా శతజయంతి గ్రంథాలయానికి లీడ్ గోల్డ్ ఉంది, అది గర్వించదగ్గదే. మనకు మాత్రం ఫలకం కన్నా నెలనెలా కరెంటు, నీటి లెక్క నోటీసు బోర్డులో అంటించడమే ముఖ్యమని కార్యవర్గం అభిప్రాయపడింది. దీన్ని కూడా లక్ష్యాల పత్రంలో చేర్చాం.

ఆదాయ వ్యయాల పట్టిక తనిఖీ పూర్తయింది, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదువుతారు. పిల్లల శిబిరానికి కథలు చెప్పడానికి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది మొదటి పని టెండరు పత్రం వెలువడగానే మన అంకెలు అందులో ఉన్నాయో లేవో పంక్తి పంక్తీ చూడటం. ప్లాన్లు చదవడం తెలిసిన సభ్యులు ఉపసంఘంలో చేరాలని మనవి. రెండో పని ఇప్పుడే మొదలుపెట్టాలి. పాత భవనం ఇంకా నిలిచి ఉండగానే పఠన మందిరంలోనూ పడమటి బీరువా దగ్గరా రోజూ ఉష్ణోగ్రత, తేమ రాసిపెట్టుకోవాలి. లేకపోతే రేపు కొత్త భవనం ఎంత మెరుగో దేనితో పోల్చి చెబుతాం? కొలిచే పరికరాలు సంఘం కొంటుంది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకరు చూసి పుస్తకంలో రాయాలి. వంతుల పట్టిక లైబ్రేరియన్ గారి బల్ల మీద ఉంది. వీలైన వారు పేరు, వారం రాసి వెళ్లండి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున
కార్యదర్శి