న్యూరాలజీ వార్డుకూ, ల్యాబుకూ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ మందుల షాపుకూ మా నమస్కారాలు

విశాఖలో సీఐడీపీతో (ఒంట్లోని ఇమ్యూనిటీయే నరాల పైపొరను దెబ్బతీసి కాళ్లూ చేతులూ బలహీనపడే జబ్బు) వైద్యం పొందుతున్నవారి కుటుంబాల తరఫున ఈ నాలుగు మాటలు.

మొదట డాక్టర్లకు. ‘ఇమ్యూనిటీని తగ్గించే మాత్ర మొదలుపెట్టాలా?’ అంటే అవుననో కాదనో తేల్చేసి పంపలేదు. ఈ జబ్బులో గట్టి రుజువుతో ముందుగా వాడేవి స్టెరాయిడ్, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల డ్రిప్), ప్లాస్మా మార్పిడి అని, ఇమ్యూనిటీని తగ్గించే మాత్రల్లో అజాథియోప్రిన్, మైకోఫినలేట్‌లకు అంత రుజువు లేదని, మెథోట్రెక్సేట్ ట్రయల్‌లో నిలబడలేదని దాచకుండా చెప్పారు. మరి ఎందుకు రాస్తారు? వైసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర) తగ్గించినప్పుడల్లా కాళ్లు మళ్లీ పట్టు తప్పేవారికి, మూడు వారాలకోసారి ఐవీఐజీ కొనడం తలకు మించిన భారమైనవారికి. అజాథియోప్రిన్ ఫలితం కనిపించడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. రెండు నెలలకే విసిగి మానేస్తే మిగిలేది రిస్కే. ఈలోపు వైసోలోన్ హఠాత్తుగా ఆపడం ఇంకా పెద్ద తప్పు.

ల్యాబు తమ్ముళ్లకు ఎంత చెప్పినా తక్కువే. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, టీబీ పరీక్షల రక్తం ఐవీఐజీ ఎక్కించక ముందే తీశారు. తర్వాత తీస్తే దాతల యాంటీబాడీలు కలిసి, లేని హెపటైటిస్ బి ఒకప్పుడు ఉన్నట్టు చూపించవచ్చు. రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను తగ్గించే ఇంజెక్షన్) ఆలోచన ఉంటే హెచ్‌బీఎస్‌ఏజీ (ఇప్పుడు హెపటైటిస్ బి ఉందా అని చూసేది) ఒక్కటే చాలదు, యాంటీ హెచ్‌బీసీ (ఒకప్పుడు సోకిందా అని చూసేది) కూడా చూడాలి. లోపల దాక్కున్న వైరస్ ఆ మందుతో మళ్లీ లేవవచ్చు. అజాథియోప్రిన్‌కు ముందు, ఆ మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే టీపీఎంటీ పరీక్షతో పాటు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష కూడా చేయించమన్నారు. మన ఆసియావాళ్లలో తెల్లకణాలు పడిపోవడానికి ఈ రెండోదే తరచు కారణం.

ఐవీఐజీకి లొంగని కొందరికి న్యూరోఫాసిన్ 155, కాంటాక్టిన్ 1 (నరాల మీది ప్రోటీన్లు) మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్ష రాశారు. 2021 నాటి సీఐడీపీ వైద్య మార్గదర్శకాలు ఈ యాంటీబాడీలున్నవారిది సీఐడీపీ కాదు, వేరే జబ్బని విడదీశాయి. ఆ జబ్బులో రిటుక్సిమాబ్ బాగా పనిచేస్తుంది కాబట్టి లెక్కే మారిపోతుంది. మా అభిప్రాయంలో, మాత్రల గురించి తర్జనభర్జన పడేముందే అడగాల్సిన పరీక్ష ఇది.

మందుల షాపు బాబాయ్ గారు చీటీ మీద ఫెబుక్సోస్టాట్ చూసి అజాథియోప్రిన్ ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేశారు. ఈ గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లనొప్పి) మాత్ర (అల్లోప్యూరినాల్ కూడా అంతే) అజాథియోప్రిన్‌ను ఒంట్లో విరగనివ్వదు, ఎముక మజ్జ దెబ్బతింటుంది. ఐవీఐజీ బాటిళ్లు గాజువాక దాకా ఎండలో వెళ్లాలని ఐస్‌బాక్సు కూడా ఇచ్చారు. ఐస్ బాటిల్‌కు ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టమన్నారు, గడ్డకడితే మందు పారేయాల్సిందే.

సిస్టర్లకు: పాత చీటీలోని బరువు నమ్మకుండా ఆ రోజే తూచారు. కిలోకు 2 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 120 గ్రాములు, అంటే 5 గ్రాముల బాటిళ్లు 24. ప్రతి బాటిల్ బ్యాచ్ నంబరూ రాసుకున్నారు. తలనొప్పి వస్తే ముందు డ్రిప్ వేగం తగ్గించారు. ప్రతి విడతకు ముందూ వెనకా 10 మీటర్ల నడకకు పట్టిన సెకన్లు రాయించారు. మందు పనిచేస్తోందా అన్నది ఆ అంకెలే చెప్పాయి.

అజాథియోప్రిన్ వేసుకునేవారికి మొదటి నెల వారం వారం సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష). తెల్లకణాలు 3,500 కిందికి దిగినా, జ్వరం 100.4 దాటినా అదే రోజు ఫోన్ చేయాలన్న చీటీ ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

బాబాయ్ గారూ, ఐస్‌బాక్సు ఈ సోమవారం తెచ్చి ఇస్తాం.